వేపచెట్టుకు ఉగాది దాకా గడువు



వార్షికోత్సవ సంచికకు పాఠం లాంటిది ఏదైనా రాయమని వార్డెన్ సార్ కబురు చేశారు. మేం 2024 మార్చిలో పదో తరగతి పరీక్షలు రాసి వెళ్ళిన బ్యాచ్ వాళ్ళం. హాస్టల్‌లో ఉన్నన్నాళ్ళూ మొక్కల కమిటీ మా చేతుల్లోనే ఉంది. మేం గట్టిగా చెప్పగలిగిన పాఠం ఒకటే. అది ఏ పుస్తకంలోనూ చదివింది కాదు. గేటు పక్కనున్న వేపచెట్టు నేర్పింది. మీరు రోజూ పళ్ళెం పట్టుకుని కూర్చునే నీడ దానిదే. ఆ నీడ ఈ రోజు లేకుండా పోయేదే. ఎలా మిగిలిందో, ఆ పక్కదాని నీడ ఎందుకు మిగల్లేదో చెబుతాం.

ఆ చలికాలం ఏం జరిగింది?

కరోనా సెలవుల తరువాత 2021 ఆగస్టులో బడులు తెరిచారు. మేం ఎనిమిదో తరగతిలోకి వచ్చాం. అప్పుడు హాస్టల్‌లో రెండు వేపచెట్లుండేవి. గేటు దగ్గర పెద్దది, స్నానాల గదుల పక్కన చిన్నది. దసరా సెలవులకు వెళ్ళి వచ్చేసరికి రెండింటికీ కొమ్మల చివర్లు ఎర్రబడ్డాయి. దీపావళికి ఆకు ముడుచుకుపోయింది. క్రిస్మస్ నాటికి ఎవరో కింద మంట పెట్టి మాడ్చినట్టు చెట్టంతా గోధుమరంగుకు తిరిగింది.

మనవి రెండే కాదు. చిలకలూరిపేట రోడ్డు పక్కన, పర్చూరు పొలాల గట్ల మీద, పోలేరమ్మ గుళ్ళ ముందర, ఎక్కడ చూసినా వేపలు అలాగే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటా ఆ ఏడు అదే మాట. చెట్లకు కూడా కరోనా వచ్చిందని ఊళ్ళో చెప్పుకున్నారు. అమ్మవారికి కోపం వచ్చిందని కొందరన్నారు.

అదే చలికాలం మన మిరప చేలకు కొత్త రకం తామర పురుగు వచ్చింది. నల్లగా, సన్నగా ఉండి పూలలో దూరేది. శాస్త్రజ్ఞులు దాన్ని త్రిప్స్ పార్విస్పైనస్ అన్నారు. మన దేశంలో 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద మొదట కనిపించిన పురుగు అది. పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎన్ని మందులు కొట్టినా పూత నిలవలేదు. చాలామంది చేను దున్నేశారు. కాయ లేకపోతే కోత లేదు, కోత లేకపోతే మా అమ్మలకు కూలి లేదు. ఆ సంక్రాంతికి మాలో కొందరికి ఇంటి నుంచి బస్సు ఛార్జీ కూడా రాలేదు. హాస్టల్‌లోనే ఉండిపోయాం. అందుకే ఆ ఎండిన చెట్టును చూస్తే మాకు ఒక్క చెట్టే ఎండినట్టు అనిపించలేదు.

తెగులు సంగతి

ముందు సైన్సు తెలుసుకుందాం. వేపకు వచ్చిన ఈ జబ్బును కొమ్మ ఎండు తెగులు అంటారు. దీనికి కారణం ఫోమాప్సిస్ అజాడిరక్టే అనే శిలీంధ్రం. 1997లో మైసూరు శాస్త్రజ్ఞులు దీన్ని కొత్త జాతిగా గుర్తించి ఆ పేరు పెట్టారు. అంటే తెగులు 2021లో పుట్టింది కాదు, ఆ ఏడు ఎక్కువగా విజృంభించింది.

ఇది వానాకాలంలో మొదలవుతుంది. ఎండిన పుల్లల మీద శిలీంధ్రం బీజాలు కూర్చుని ఉంటాయి. వాన చినుకు పడి చిందినప్పుడు, గాలి వీచినప్పుడు పక్క కొమ్మకు చేరతాయి. లేత చిగుళ్ళలోంచి లోపలికి వెళతాయి. వానాకాలం చివర, చలికాలం మొదట్లో తెగులు ముదిరి కొమ్మలు చివర్ల నుంచి వెనక్కి ఎండుతూ వస్తాయి. పూత మాడుతుంది, కాయ కుళ్ళుతుంది, గింజలోకీ తెగులు పోతుంది. దీనికి తోడు టీ దోమ ఒకటి. బాపట్ల వైపు జీడిమామిడి తోటలున్న వాళ్ళకు ఇది తెలిసిన పురుగే. లేత కొమ్మలో ముక్కు గుచ్చి రసం పీలుస్తుంది. గుచ్చిన చోట కొమ్మ నల్లబడి ఎండుతుంది.

ఇక్కడ ఒక విచిత్రం చూడండి. వేపనూనెతో శిలీంధ్రాలను అరికట్టే పద్ధతి తమదేనని ఒక అమెరికా కంపెనీ, అమెరికా వ్యవసాయ శాఖ కలిసి యూరప్‌లో పేటెంటు తీసుకున్నాయి. అది మా తాతముత్తాతల నాటి విద్య అని మన దేశం వాళ్ళు, యూరప్ మిత్రులు కలిసి పోరాడారు. 2000 సంవత్సరంలో యూరోపియన్ పేటెంట్ ఆఫీసు దాన్ని రద్దు చేసింది. కంపెనీ వాళ్ళ అప్పీలు కూడా 2005 మార్చిలో వీగిపోయింది. అంత పేరున్న వేప తన ఒంటి మీదికి వచ్చిన శిలీంధ్రాన్ని మాత్రం ఒంటరిగా ఆపుకోలేకపోయింది. అందరికీ మందైన వాళ్ళకు కూడా ఒక్కోసారి జబ్బు చేస్తుంది. అప్పుడు వాళ్ళను చూసుకునేవాళ్ళు కావాలి.

వేప పోతే నష్టం నీడ ఒక్కటే కాదు. పత్తికి, మిరపకు పురుగు రాకుండా కొట్టే వేపగింజల కషాయం ఈ పళ్ళ నుంచే వస్తుంది. అయిదు కిలోల గింజల పప్పును పొడి చేసి, గుడ్డలో మూటగట్టి, రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పిండి వడకట్టి నూరు లీటర్లు చేస్తే అయిదు శాతం కషాయం. జూన్, జులై నెలల్లో చెట్ల కింద పళ్ళు ఏరి అమ్ముకునేది మన ఇళ్ళలోని అమ్మమ్మలే. చెట్టు కాయకపోతే వాళ్ళ చేతిలో ఆ నాలుగు రూపాయలు కూడా ఉండవు.

అమ్మేద్దామా, ఆగుదామా?

2022 జనవరిలో కట్టెల అడితి ఆయన ఒకాయన వచ్చాడు. రెండు చెట్లకూ కలిపి ధర చెప్పాడు. ఎటూ చచ్చినవే కదా, పిల్లల మీద విరిగిపడక ముందే కొట్టిస్తానన్నాడు. ఆ రోజుల్లో రాత్రిపూట కరెంటు పోతే చదువు ఆగిపోయేది. ఆ డబ్బుకు ఇంకొంచెం కలిపితే ఇన్వర్టర్ వస్తుంది. ఉన్న మాట చెప్పాలి. మాలో సగం మంది చెట్లు అమ్మి ఇన్వర్టర్ కొందామనే అన్నారు.

వార్డెన్ సార్ మమ్మల్నందర్నీ కూర్చోబెట్టారు. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే ముందు అనుమతి తీసుకోవాలన్నారు. "దరఖాస్తు రాయమంటారా, వద్దంటారా? మీరే చెప్పండి" అని అడిగారు.

ఎవరం మాట్లాడలేదు. వాచ్‌మన్ తాత లేచి గేటు పక్క చెట్టు దగ్గరికి వెళ్ళాడు. వేలి మందం కొమ్మను వంచి, బెరడును గోరుతో గీకాడు. "ఇట్టా రండిరా" అని పిలిచాడు. పైన గోధుమరంగు పొర కింద పచ్చటి గీత కనబడింది. తడిగా కూడా ఉంది. "చచ్చిన చెట్టుకు లోపల ఇంత పచ్చదనం ఉండదురా. చలి పోనీయండి. ఉగాదికి చూద్దాం. అప్పటికీ చిగురు రాకపోతే మీ ఇష్టం" అన్నాడు.

అలా ఆ చెట్టుకు ఉగాది దాకా గడువు దొరికింది. ఆ ఏడు ఉగాది ఏప్రిల్ 2. మా చేతిలో రెండున్నర నెలలున్నాయి.

తాత చెప్పినది నాటు మాట అనుకోవద్దు. మంచు కురిసే దేశాల్లోనూ తోటమాలులు ఇదే చేస్తారు. చలికి మాడిన కొమ్మను చలికాలంలోనే కోయరు. వసంతంలో చిగురు ఎక్కడిదాకా వచ్చిందో చూసి, దాని పైభాగం కోస్తారు. గోరుతో గీకి చూడడం వాళ్ళకూ తెలుసు. 2019 నవంబరులో కాశ్మీరులో ముందుగా మంచు పడి, ఆకు రాలని ఆపిల్ చెట్లు బరువుకు చీలిపోయాయి. చీలిన కొమ్మలను దగ్గరకు లాగి కట్టి బతికించుకోవడం అక్కడి రైతులకు తెలిసిన పనే. మన దగ్గర మంచు లేదు, తెగులుంది, తుఫానుంది. కానీ తొందరపడి చచ్చిందనకూడదన్న సూత్రం అన్నిచోట్లా ఒకటే.

మేం చేసిన పనులు

మొదట మందు సంగతి వచ్చింది. కార్బెండజిమ్, థయోఫనేట్ మిథైల్ వంటి శిలీంధ్ర నాశినులు, టీ దోమకు పురుగుమందు కొట్టాలని వ్యవసాయ శాస్త్రజ్ఞులు ఆ రోజుల్లో చెప్పారు. నర్సరీ మొక్కలకు, చేతికందే చెట్లకు అది చేయదగిన పనే. కానీ మనది రెండంతస్తుల ఎత్తు చెట్టు. అంత పైకి కొడితే మందు గాలికి మన అన్నాల మీద, మంచినీళ్ళ తొట్టి మీద పడుతుంది. మా స్నేహితుడొకడు స్ప్రేయర్ మాట వినగానే లేచి వెళ్ళిపోయాడు. వాళ్ళ నాన్న మిరపచేలో మందు కొడుతూ పడిపోతే ఆసుపత్రిలో వారం రోజులు ఉన్నాడని అప్పుడే మాకు తెలిసింది. అందుకని మందు వద్దనుకున్నాం.

రెండవది ఎండుపుల్లలు తీయడం. ఫిబ్రవరి వచ్చి పొడి ఎండలు మొదలయ్యేదాకా ఆగాం. తడి రోజుల్లో కోస్తే కోసిన గాయంలోంచే తెగులు లోపలికి పోతుంది. ఊళ్ళో తాడిచెట్లు గీసే ఒక మామయ్య మోకు కట్టుకుని ఎక్కి రంపంతో కోసిపెట్టాడు. కూలి తీసుకోలేదు, టీ మాత్రం తాగాడు. ఎండిన చోటుకు కింద, పచ్చదనం కనిపించే చోట కోయాలి. కాండానికి మరీ ఆనించి కోయకూడదు, మొండి పొడుగ్గా వదలకూడదు. కొమ్మ పుట్టే చోట ఉబ్బెత్తుగా కాలరులా ఉంటుంది. దాన్ని వదిలి కోస్తే గాయం తొందరగా మూసుకుంటుంది. పెద్ద గాయాలకు బోర్డో పేస్టు పూశాం. మైలుతుత్తం కిలో, సున్నం కిలో, నీళ్ళు పది లీటర్లు దాని లెక్క. మాకు అందులో పదో వంతు సరిపోయింది. ప్లాస్టిక్ బకెట్‌లోనే కలపాలి, ఇనుప బకెట్ పనికిరాదు. రాలిన పుల్లలన్నీ పోగుచేసి, చెట్టుకు దూరంగా తీసుకెళ్ళి కాల్చాం. అక్కడే వదిలితే వచ్చే వానకు తెగులు మళ్ళీ పైకెక్కుతుంది.

మూడవది పాదు. పెద్దచెట్టు తాగే సన్నటి వేళ్ళు మొదట్లో ఉండవు. నీడ అంచు కింద ఉంటాయి. అందుకని కాండం దగ్గర తవ్వకుండా, నీడ అంచు వెంట జానెడు లోతులో గుండ్రంగా కాలువ తీశాం. ఆ వేసవి ముందటి నల్లరేగడి ఎలా ఉంటుందో మీకు తెలుసు. పార దిగదు, దిగితే రాదు. ముందు రోజు సాయంత్రం తడిపి తెల్లారి తవ్వేవాళ్ళం. అందులో చివికిన పశువుల ఎరువు వేశాం. వంట అక్క రోజూ బియ్యం కడిగిన నీళ్ళు పారబోయకుండా బకెట్లలో పెట్టేది. వంతుల వారీగా పోసేవాళ్ళం. సబ్బు నీళ్ళు పోయనివ్వలేదు. పాదులో నీరు నిలిస్తే వారం పాటు ఆపేవాళ్ళం. నల్లరేగడిలో నీరు నిలిస్తే వేరు కుళ్ళుతుంది.

నాలుగవది చెట్టుకు మనం చేసిన గాయాలు మానడం. కాండానికి కొట్టిన మేకులు పదకొండు తీశాం. బట్టలు ఆరేసుకునే ఇనుప తీగ బెరడులోకి దిగిపోయి ఉంది. దాన్ని కోసి తీసేటప్పుడు ఎవరికీ నోట మాట రాలేదు. ఆ తీగ కట్టింది మేమే, ఆరో తరగతిలో.

పాదు తవ్విన కథలు రెండు

పాదు తవ్వుతున్న రోజుల్లో సార్ మాకు రెండు కథలు చెప్పారు.

మొదటిది అశోకావదానంలోది. అశోక చక్రవర్తి బోధివృక్షానికి విలువైన రత్నాలు పంపుతుండేవాడు. బోధి అంటే ఎవరో సవతి అనుకుని రాణి తిష్యరక్షిత అసూయపడింది. ఒక మాతంగ స్త్రీని పిలిపించి, డబ్బిచ్చి, చెట్టును చంపమంది. ఆమె మంత్రించి చెట్టుకు దారం కట్టింది. చెట్టు వాడిపోసాగింది. ఆ వార్త విని అశోకుడు మూర్ఛపోయాడు. చెట్టు పోతే తానూ బతకనన్నాడు. రాణి భయపడి మళ్ళీ ఆమెనే పిలిచింది. ఆమె దారం విప్పి, చెట్టు చుట్టూ పాదు తవ్వి, రోజుకు వెయ్యి కుండల పాలు పోయించింది. కొన్నాళ్ళకు చెట్టు మునుపటిలా చిగిర్చింది.

ఈ కథను జనం రాణి అసూయ కోసం, రాజు భక్తి కోసం చెప్పుకుంటారు. మేం మాత్రం మాతంగ స్త్రీ దగ్గరే ఆగిపోయాం. ఆ రోజుల్లో ఆమెది ఊరి బయటి కులం. చంపమని సొమ్మిచ్చింది మేడలోని వాళ్ళు. చెట్టు బతకాలన్నప్పుడు దారం విప్పడానికి, పాదు తవ్వడానికి వాళ్ళకు మళ్ళీ ఆమె చేతులే కావలసివచ్చాయి. కృష్ణా తీరాన మన అమరావతి స్తూపం శిల్పాల్లో బోధివృక్షానికి మొక్కుతున్న మనుషులను చెక్కారు. ఆ చెట్టుకు నీళ్ళు మోసిన చేతుల సంగతి కూడా తలుచుకోవాలని మాకనిపించింది.

రెండవ కథ బైబిల్లో లూకా సువార్తలోది. మనలో చాలామంది ఆదివారం బడిలో విన్నదే. ఒకాయన తోటలో అంజూరపు చెట్టు మూడేళ్ళుగా కాయలేదు. నేలకు దండగ, నరికేయమన్నాడు యజమాని. తోటమాలి ఈ ఒక్క ఏడూ ఆగమని బతిమాలాడు. చుట్టూ తవ్వి ఎరువు వేస్తానని, అప్పటికీ కాయకపోతే నరకమని అన్నాడు. ఆ చెట్టు కాచిందో లేదో కథలో చెప్పలేదు. గడువు అడగడం, పాదు తవ్వడం వరకే చెప్పి వదిలేశారు. మా వాచ్‌మన్ తాత అడిగింది కూడా అదే గడువు.

మా బ్యాచ్‌లోని ముస్లిం స్నేహితుడు ఇంకో మాట చెప్పాడు. లోకం అంతమయ్యే ఘడియ వచ్చినా చేతిలో మొక్క ఉంటే నాటేయమని ప్రవక్త చెప్పారట.

గుడి, చర్చి, మసీదు, బౌద్ధం, ఎవరి దారి వారిది. కానీ ఎండిన చెట్టు ముందు అందరూ చెప్పిన పని ఒకటే. వంగి మట్టి తవ్వడం. పోలేరమ్మ వేపకు పసుపు పూసి, నీళ్ళు పోసే మా అమ్మలకు ఇది ఎప్పుడో తెలుసు. పసుపు చూసి మనం అదంతా మొక్కుబడి అనుకున్నాం. వెనకాలే బిందెడు నీళ్ళు పడుతున్నాయని గమనించలేదు.

ఉగాది నాడు

శివరాత్రి మార్చి ఒకటిన వచ్చింది. చెట్టు మోడులాగే ఉంది. అడితి ఆయన మళ్ళీ ఫోన్ చేశాడు. మార్చి మూడో వారంలో ఒక పొద్దున్న కామాటి అన్న అరిచాడు. నడిమి కొమ్మ మీద ఎర్రటి చిగురు, అగ్గిపుల్ల తల అంత. మర్నాటికి పది చోట్ల వచ్చింది. ఉగాదికి చెట్టు సగం పచ్చబడింది.

పూత మాత్రం రాలేదు. ఉగాది పచ్చడికి పువ్వు ఊళ్ళోంచి తెచ్చుకున్నాం. మన చెట్టు పువ్వు మరుసటి ఏడు, 2023లో, గుప్పెడు దొరికింది. అంత చేదు పచ్చడిని అందరూ రెండోసారి అడిగి తినడం మేం అదే చూడడం.

స్నానాల గదుల పక్క చెట్టు చిగిర్చలేదు. దానికీ గోరు పెట్టి చూశాం. మొదట్లో కొంచెం పచ్చగానే ఉంది. దానికీ కొమ్మలు కోశాం. కానీ దాని చుట్టూ మొదలు దాకా సిమెంటు పోసి ఉంది. పాదు తవ్వడానికి మట్టే లేదు. సిమెంటు పగలగొడదామని అనుకుంటూనే పరీక్షలని వాయిదా వేశాం. మేలో బెరడు ఊడిపోయింది. అనుమతి తీసుకుని దాన్ని కొట్టేశారు. అది తెగులుతో పోయిందో, ఊపిరాడక పోయిందో మేం చెప్పలేం. మా వాయిదా కూడా ఒక కారణమేనని మాత్రం మాకు తెలుసు.

బతికిన చెట్టు కష్టాలు అక్కడితో తీరలేదు. తరువాతి చలికాలాల్లోనూ చివర్లు ఎండాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. గంటకు 90, 100 కిలోమీటర్ల గాలికి తూర్పు కొమ్మ విరిగి గేటు మీద పడింది. మేం అప్పుడు పదో తరగతిలో ఉన్నాం. ఎవరూ అమ్మేద్దామనలేదు. విరిగిన చోట మోకు మామయ్యతో నున్నగా కోయించి పేస్టు పూశాం. ఇన్వర్టర్ ఇంకో రెండేళ్ళకు పూర్వ విద్యార్థుల చందాతో వచ్చింది. అప్పటిదాకా దీపం బుడ్డితోనే చదివాం. చెట్టు కోసం మేం వదులుకున్నది అదే. అది చిన్నదేమీ కాదు.

వేప శాస్త్రీయ నామంలోని అజాడిరక్టా పారశీక మాట నుంచి వచ్చింది. ఆజాద్ దరఖ్త్ అంటే స్వేచ్ఛగల చెట్టు అని అర్థం. ఒకరి సొంత పొలంలో పెరిగితే అది వారి చెట్టు. మనలో చాలామందికి సెంటు భూమి లేదు. నేలను ప్రేమించడానికి పట్టాదారు పాసుపుస్తకం ఉండాలేమో అనుకునేవాళ్ళం. పార పట్టుకుని వంగిన రోజున ఆ అనుమానం పోయింది. మన పేరున లేకపోయినా ఆ చెట్టు కింది నేల మనదే, దాని బాధ్యత మనదే.

గుర్తుంచుకోండి

1. చలికాలంలో ఆకు రాల్చిన చెట్టును చచ్చిందనకండి. బెరడు గీకి చూడండి. ఉగాది దాకా ఆగండి.
2. ఎండుకొమ్మలు పొడి రోజుల్లోనే కోయాలి. కోసినవి దూరంగా కాల్చాలి. కరెంటు తీగలున్న వైపు, ఎత్తు మీద పిల్లలు ఎక్కకూడదు. తెలిసిన పెద్దవాళ్ళను పిలవండి.
3. పాదు నీడ అంచున ఉండాలి. నీళ్ళు నిలవకూడదు.
4. చెట్టు మొదట్లో సిమెంటు పోయనివ్వకండి. చెత్త తగలబెట్టనివ్వకండి. మేకులు, తీగలు వద్దు.
5. గాలికి ఒరిగిన చిన్నచెట్టును రెండు మూడు రోజుల్లోపే కొమ్మలు తగ్గించి, నిలబెట్టి, మట్టి తొక్కి, ఊతకర్ర కట్టండి. చాలాసార్లు బతుకుతుంది.

ఆలోచించండి

1. మీ ఊళ్ళో 2021 తరువాత ఎండిన వేపలు ఎన్ని చిగిర్చాయి, ఎన్నింటిని ముందే కొట్టేశారు? సంక్రాంతి సెలవుల్లో లెక్కపెట్టి రండి.
2. లూకా కథలోని తోటమాలికి యజమాని గడువిచ్చాడని మీరనుకుంటున్నారా?
3. స్నానాల గదుల పక్కన ఇప్పుడు ఖాళీ చోటు ఉంది. సిమెంటు పగలగొట్టే పని మేం చేయలేదు. మీరు ఎప్పుడు మొదలుపెడతారు?

వార్షికోత్సవానికి మేం వస్తున్నాం. గడ్డపారలు తెస్తాం.

— 2023–24 పదో తరగతి బ్యాచ్, మొక్కల కమిటీ